బోఁజూర్ అండీ!

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నెల్లాళ్ళ క్రితం ఫోన్ చేసి, "నువ్వు ఫ్రాన్సులో చాలాకాలం ఉన్నావు కదా, మనవాళ్ళు పిల్లల దగ్గరికని కొందరు, యూరప్ టూరని కొందరు వెళ్తున్నారు. అక్కడ పనికొచ్చే నాలుగు ఫ్రెంచి ముక్కలు చెప్పు, ఇరవై నిమిషాలు" అన్నారు. నేను నీటి టర్బైన్ల మనిషిని. వాటి గురించైతే రెండు గంటలు ఆపకుండా చెప్తాను, మీరు పారిపోతారు. భాష విషయంలో పండితుణ్ణి కాను. గ్రెనోబుల్ అనే ఊళ్ళో పదకొండేళ్ళు కాపురముండి, అవసరానికి నేర్చుకున్న ఫ్రెంచి నాది. ఇప్పటికీ తప్పులు మాట్లాడతాను. అందుకే ఒప్పుకున్నాను. బాగా వచ్చినవాళ్ళకి, ఏమీ రానివాడి కష్టం గుర్తుండదు.

అసలు ముక్క ముందే చెప్పేస్తాను. ఎందుకంటే భోజనాల టైము అవుతోంది, సగంలో మీరు లేచిపోయినా ఇది ఒక్కటీ పట్టుకెళ్ళాలి. ఫ్రాన్సులో ఎవరినైనా ఏదైనా అడిగే ముందు "బోఁజూర్" అనండి. అని, ఆగండి. అవతలివాళ్ళు కూడా "బోఁజూర్" అనేదాకా ఆగండి. అప్పుడు అడగండి. చీకటిపడ్డాక అయితే "బోఁస్వార్".

ఇంతేనా అనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. 2006లో వెళ్ళిన మొదటి వారం నాకు జ్వరం వచ్చింది. మా అపార్టుమెంటు కిందే మందుల షాపు. అక్కడ మందుల షాపుకి ఆకుపచ్చ లైట్ల ప్లస్ గుర్తు ఉంటుంది, దూరం నుంచే కనిపిస్తుంది. లోపలికి వెళ్ళి, మన ఇంగ్లీషు మాస్టారు నేర్పిన శుద్ధమైన ఇంగ్లీషులో, "ఎక్స్‌క్యూజ్ మీ, డు యూ హావ్ పారాసెటమాల్?" అన్నాను. కౌంటర్ దగ్గరున్నావిడకి ఏభై ఏళ్ళుంటాయి. నా మొహంలోకి చూసి "బోఁజూర్, మ్స్యో" అంది. అని ఊరుకుంది. నాకు వినపడలేదేమో అనుకుని మళ్ళీ అడిగాను. ఆవిడ మళ్ళీ, ఇంకొంచెం నెమ్మదిగా, "బోఁజూర్, మ్స్యో" అంది. నూటరెండు జ్వరంతో ఉన్నవాడికి ఒళ్ళు మండదా? మందు తీసుకుని వచ్చేశాను కానీ, ఆ తర్వాత చాలాకాలం అందరికీ ఇదే చెప్పాను: ఫ్రెంచివాళ్ళకి పొగరండీ, ఇంగ్లీషు వచ్చినా మాట్లాడరండీ అని. ఈ మాట మీరూ విని ఉంటారు. వెళ్ళొచ్చినవాళ్ళలో సగంమంది ఇదే చెప్తారు.

ఆవిడ తప్పేమీ లేదని నాకు బోధపడటానికి మా అమ్మ రావలసి వచ్చింది. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఒక్కటి ఆలోచించండి. అమలాపురం బస్టాండులో కొత్తమనిషి ఒకడు మీ దగ్గరికొచ్చి, "రాజోలు బస్సు ఎప్పుడు?" అంటే మీకెలా ఉంటుంది? సమాధానం చెప్తారు, కానీ మనసులో "ఎవడ్రా వీడు" అనుకుంటారు. మనం ఎలా అడుగుతాం? "ఏవండీ, రాజోలు బస్సు వెళ్ళిపోయిందాండి?" "ఆయ్, ఇప్పుడే వెళ్ళిందండి." బస్సు వెళ్ళిపోయినా బాధ ఉండదు. మన "అండి", మన "ఆయ్" విని హైదరాబాదులో నవ్వుతారు, సినిమాల్లో కామెడీకి వాడతారు. సరే, నవ్వనివ్వండి. కానీ మనమే ఇంగ్లీషులోకి మారగానే ఆ "అండి" ఎక్కడో రేవులో వదిలేసి వెళ్తాం. ఇంగ్లీషులో దానికి చోటు లేదనుకుంటాం. ఫ్రెంచిలో చోటుందండి. ఆడవాళ్ళయితే "బోఁజూర్ మదామ్", మగవాళ్ళయితే "బోఁజూర్ మ్స్యో". థాంక్స్ చెప్పాలంటే "మెర్సి మదామ్". ఆ చివర మదామ్, మ్స్యో ఉన్నాయే, అవే మన "అండి". దయచేసి అనడానికి "సిల్ వు ప్లే". దాని అర్థం, మాటకి మాట, "మీకు ఇష్టమైతే" అని. "వు" అంటే మీరు. నువ్వు అనడానికి "త్యు" అని వేరే మాట ఉంది, అది చిన్నపిల్లలకి, స్నేహితులకి, ఇంట్లోవాళ్ళకి. మీరు, నువ్వు తేడా ఇంగ్లీషువాడికి విడమర్చి చెప్పాలి. మనకి అక్కర్లేదు.

ఇంకో సంగతి. ఫ్రెంచి మనకి పరాయి దేశపు భాష అంటారు కానీ, ఎదుర్లంక రేవులో నిలబడితే గౌతమి అవతలి ఒడ్డున కనిపించేది ఫ్రెంచి ఊరే కదండీ. 1954 దాకా యానాం ఫ్రాన్సుదే. ఆ ఏడు జూన్ 13న విమోచన జరిగింది, నవంబరు 1న పరిపాలన మన దేశం చేతికొచ్చింది, కాగితాల మీద పూర్తిగా కలవడానికి 1962 ఆగస్టు 16 దాకా పట్టింది. మా రోజుల్లో, అంటే 1980ల్లో, వంతెన లేదు. 2002లో వచ్చిన బాలయోగి వంతెన మీద ఇప్పుడు అయిదు నిమిషాల్లో కారులో దాటేస్తున్నారు. మేము పంటు ఎక్కి వెళ్ళేవాళ్ళం. పంటు మీద సైకిళ్ళు, మేకలు, గెలలు, ఎద్దుబళ్ళు, మధ్యలో మేము. ఎందుకు వెళ్ళేవారో పెద్దల సభలో చెప్పను, మా బ్యాచివాళ్ళు అప్పుడే నవ్వుతున్నారు. అవతల దిగగానే ఎర్ర టోపీ పోలీసులు కనిపించేవారు. ఆ టోపీని "కెపి" అంటారని, అది ఫ్రెంచి పోలీసు టోపీ అని గ్రెనోబుల్ వెళ్ళాకే నాకు తెలిసింది.

మా ఇంట్లో యానాం పేరు ఇంకో రకంగా వినిపించేది. మా నాయనమ్మ పెళ్ళి యానాంలో జరిగింది. అప్పటికి ఆవిడకి ఎనిమిదేళ్ళు. 1929లో బాల్యవివాహాలు కూడదని బ్రిటిషువాళ్ళు శారదా చట్టం తెచ్చారు. ఆ చట్టం ఫ్రెంచి యానాంలో చెల్లదు. అందుకని ఇవతలి ఒడ్డు నుంచి పెళ్ళివారు మేళతాళాలతో పడవలెక్కి వెళ్ళి, ముడులు వేయించుకుని, తిరుగు పడవలో వచ్చేసేవారు. మనవైపు పాత కుటుంబాల్లో అడిగి చూడండి, ఒకరైనా ఉంటారు. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. ఆ పెళ్ళి గురించి మా నాయనమ్మకి గుర్తున్నదల్లా పడవలో నిద్రపోవడమే.

మంచి సంగతి కూడా ఒకటుంది. రీయూనియన్ దీవిలో చెరకుతోటలకి కూలికి వెళ్ళిన మొదటి భారతీయుల్లో యానాం నుంచి ఓడెక్కిన తెలుగువాళ్ళున్నారు. 1820ల చివరి మాట అది. మారిషస్‌లో అయితే తెలుగువాళ్ళకి కోరంగివాళ్ళని పేరు, మన కోరంగి రేవు నుంచి వెళ్ళారని. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇవాళ మాట్లాడే క్రియోల్ ఫ్రెంచిలోంచి పుట్టినదే. ఏ బడీ లేకుండా, పుస్తకం లేకుండా, చెరకు నరుకుతూ నేర్చుకున్నారు. ఇక డిగ్రీలున్న మనకి పది మాటలు రావంటే ఎలా?

ఇప్పుడు పలకడం సంగతి. చాలామంది భయపడేది ఇక్కడే. నేను చెప్పేది వింటే ధైర్యం వస్తుంది: ఫ్రెంచి పలకడం ఇంగ్లీషువాడి కంటే తెలుగువాడికి తేలిక. వాళ్ళకి "ట", "డ" లేవు. మన "త", "ద" లాగే నాలుక పళ్ళకి తగిలించి పలుకుతారు. మనం ఇంగ్లీషు అలవాటుకొద్దీ "టాక్సీ", "టికెట్" అంటూ ట కొడతాం. అది మానేసి "తాక్సి", "తికే" అనండి, సగం ఫ్రెంచివాళ్ళయిపోతారు. "జ" మాత్రం మన జ కాదు, "ప్లెజర్" అన్నప్పుడు వచ్చే జ. "ర" గొంతులోంచి వస్తుంది, పొద్దున్న పుక్కిలిస్తాం చూడండి, అక్కణ్ణుంచి. అది రాకపోయినా ఫర్వాలేదు, మన ర అర్థమవుతుంది. "త్యు" అన్నప్పుడు లోపల "ఈ" అంటూ పెదాలు "ఊ"కి పెట్టినట్టు పెట్టాలి. అద్దం ముందు చేయండి, మనవలకి మంచి కాలక్షేపం.

కష్టమల్లా ఏమిటంటే, వాళ్ళు రాసినదంతా పలకరు. మనం రాసిన ప్రతి అక్షరం పలికే జాతి. వాళ్ళు మాట చివర హల్లులు చాలావరకు మింగేస్తారు. పారిస్ కాదు, "పారీ". రెస్టారెంట్ కాదు, "రెస్తోరాఁ". అందుకే ఇంగ్లీషు అక్షరాల్లో చూసి చదవొద్దు, తెలుగులో రాసుకుని చదవండి. మా నాన్నగారు వచ్చిన కొత్తల్లో బజారంతా తిరిగొచ్చి, "ఇదేం ఊర్రా, ప్రతి కొట్టు మీదా పెయిన్, పెయిన్ అని రాసుంది, అందరూ నొప్పుల డాక్టర్లేనా?" అన్నారు. అది రొట్టెండి. రాయడం అలాగే రాస్తారు, పలకడం "పేఁ".

ఆ "పేఁ" పక్కన నేను పెట్టిన గుర్తు చూశారా? బోర్డు మీద రాశాను, వెనకవాళ్ళకి కనిపించకపోతే చెప్తాను, అరసున్న. మా తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు అరసున్నలున్న పద్యాలు చెప్తుంటే నేను లేచి, "ఎవరూ పలకని అరసున్న ఎందుకు మాస్టారూ, అయిదు మార్కులు పోతున్నాయి" అన్నాను. ఆయన కొట్టలేదు. "పూర్వం ముక్కుతో పలికేవాళ్ళురా, నీకూ ఎప్పుడో పనికొస్తుంది, ఉంచుకో" అన్నారు. ఆయన ఇవాళ ముందు వరసలో ఉన్నారు. పేరు చెబితే లేచి నిలబడతారు, మోకాళ్ళ నొప్పులతో ఎందుకని చెప్పడం లేదు. మాస్టారూ, పనికొచ్చిందండి. ఫ్రెంచిలో మాటమాటకీ ముక్కుతో పలికే అచ్చులే. "బోన్" అని న పలకకూడదు, "బోమ్" అని మ పలకకూడదు, అచ్చుని సగం ముక్కులోకి పంపాలి. ఇంగ్లీషులో రాయడానికి గుర్తు లేదు. మనకుంది. క్షమించండి అనడానికి "పార్దోఁ". ఎంత అని అడగడానికి "సె కోఁబియేఁ". నాకు అర్థం కాలేదు అనడానికి "జ న కోఁప్రాఁ పా". మీకు ఇంగ్లీషు వచ్చా అనడానికి "పార్లే వు ఆఁగ్లే". ఈ చివరిది చాలా ముఖ్యం. తిన్నగా ఇంగ్లీషులో మొదలుపెడితే మొహం ముడుచుకునే మనిషే, "బోఁజూర్ మదామ్, పార్లే వు ఆఁగ్లే?" అంటే, "కొంచెం, కొంచెం" అంటూ మనకంటే మంచి ఇంగ్లీషు మాట్లాడతాడు. వాళ్ళ గుమ్మంలోకి వాళ్ళ మాటతో అడుగుపెట్టాం కదా, అదే కావాలి వాళ్ళకి.

తిండి సంగతి లేకుండా కోనసీమలో ఏ ప్రసంగమూ పూర్తికాదు. శాకాహారులు బాగా వినండి. మగవాళ్ళు "జ స్వి వెజెతారియేఁ" అనాలి, ఆడవాళ్ళు "వెజెతారియెన్" అనాలి. అక్కడితో ఆపొద్దు. "మాంసం వద్దు" అంటే చేప తెచ్చి పెడతారు, వాళ్ళ లెక్కలో చేప మాంసం కాదు. అందుకని "సాఁ వియాఁద్, సాఁ ప్వాసోఁ" అనండి, మాంసం లేకుండా, చేప లేకుండా అని. గుడ్డు కూడా వద్దంటే "సాఁ జఫ్". "ప్వాసోఁ"లో స జాగ్రత్త. స బదులు జ పలికి "ప్వాజోఁ" అన్నారో, విషం అని అర్థం. విషం లేకుండా పెట్టండి అని అడిగినట్టవుతుంది. మాంసాహారులూ నవ్వకండి, మీకూ ఉంది. "పూలే" అంటే పూలు కాదు, కోడి. "బఫ్" అంటే గొడ్డుమాంసం, "పోర్" అంటే పంది, "జాఁబోఁ" కూడా పందే. సలాడ్ అనగానే ఆకులే అనుకోవద్దు, "లార్దోఁ" అని చిన్న పంది ముక్కలు చల్లి ఇస్తారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు లోపల భోజనానికి వెళ్ళాలి, ఆ తర్వాత చాలాచోట్ల వంటిల్లు మూసేస్తారు, మన హోటలులా మూడింటికి వెళ్ళి మీల్స్ ఉందా అంటే కుదరదు. నీళ్ళడిగితే సీసా తెచ్చి బిల్లేస్తారు. "యున్ కారాఫ్ దో, సిల్ వు ప్లే" అంటే కుళాయి నీళ్ళు జగ్గుతో తెస్తారు, దానికి డబ్బు పుచ్చుకోరు, తాగడానికి మంచివే. బిల్లు కావాలంటే "లాదిసియోఁ". అడగనిదే బిల్లు తేరు. అది నిర్లక్ష్యం కాదు, లేవమని చెప్పడం మర్యాద కాదని.

అంకెలు చెప్పేసి అసలు సంగతికి వెళ్తాను. అరవై దాకా సులువు. డెబ్భైకి "స్వాసాఁత్ దిస్", అంటే అరవై పది. ఎనభైకి "కాత్ర్ వేఁ", అంటే నాలుగు ఇరవైలు. తొంభైకి "కాత్ర్ వేఁ దిస్", నాలుగు ఇరవైలు, పది. ఆఫీసులో నాతో చేరిన విదేశీ ఇంజనీర్లందరూ దీన్ని తిట్టుకున్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. మా నాయనమ్మ చివరి రోజుల్లో వయసెంతమ్మా అంటే, "నాలుగిరవైలు దాటాయిరా" అనేది. ఆవిడ ఫ్రెంచివాళ్ళ ఊళ్ళో పెళ్ళి చేసుకుని, ఫ్రెంచి లెక్కే లెక్కపెట్టి పోయింది. దుకాణంలో అంకెలు అర్థం కాకపోతే సిగ్గుపడక్కర్లేదు, కాగితం ఇచ్చి రాయమనండి.

మా అమ్మానాన్నలు నా దగ్గరికి 2011 చలికాలంలో వచ్చారు. నాన్నగారు అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేశారు. చిన్నప్పుడు, యానాం ఇంకా ఫ్రెంచివాళ్ళదిగా ఉండగా, వాళ్ళ నాన్నతో పడవ మీద వెళ్ళేవారట. అక్కడ ఎవరో దొర ఇంకో దొరకి "బొంజూరు" చెప్పడం విన్నారు. ఆయనకి వచ్చిన ఫ్రెంచి అంతా ఆ ఒక్క మాటే. గ్రెనోబుల్‌లో దిగగానే అది అమ్మకి నేర్పారు. అమ్మ చదువు అయిదో తరగతి. ఇంగ్లీషు రాదు. అదే కలిసొచ్చిందేమో. వచ్చిన మర్నాటి నుంచి మెట్ల మీద ఎదురైన ప్రతి మనిషికీ, రొట్టెల కొట్టు అమ్మాయికీ, ట్రాములో పక్కన కూర్చున్న ముసలావిడకీ, "బొంజూర్ మదామండీ" అనేది. మదామ్ పక్కన అండి కూడా! "అమ్మా, ఒకటి చాలు" అంటే, "రెండూ ఉంటే ఏం పోయిందిరా" అనేది. వారం తిరిగేసరికి ఆ వీధిలో అయిదేళ్ళుగా నాకు తెలియని మనుషులందరికీ అమ్మ తెలుసు. మందుల షాపావిడతో సహా. అమ్మ లోపలికి వెళ్తే ఆవిడ కౌంటర్ దాటి వచ్చి పలకరించేది. నేను చూసి ఆశ్చర్యపోయాను. నాతో ఆవిడ రెండుసార్లు "బోఁజూర్" అని ఎందుకు ఊరుకుందో అప్పటికి గానీ నా బుర్రకి ఎక్కలేదు. నేను మనిషిని పలకరించకుండా కౌంటరుని అడిగాను.

నాన్నగారు పట్టుబట్టి నాచేత ఒక ఠావు కాగితం మీద పదిహేను మాటలు తెలుగులో రాయించారు. ఫ్రిజ్ మీద అంటించుకున్నారు. రోజూ పొద్దున్న కాఫీ తాగుతూ ఇద్దరూ చదివేవారు. నేను రాసింది పాలు, రొట్టె, ఎంత, ట్రాము ఎక్కడ, అలాంటివి. అమ్మే అడిగింది: "ఒంట్లో బాగోకపోతే ఏమనాలిరా?" నేను ల్యాప్‌టాప్ చూసుకుంటూ, "నేనుంటాగా అమ్మా" అన్నాను. ఆవిడ వదల్లేదు. అప్పుడు చివర రెండు మాటలు రాశాను. "మాల్ ఇసి", ఇక్కడ నొప్పి. "ఎదే మ్వా", నాకు సాయం చేయండి.

మూడు వారాల తర్వాత, ఒక బుధవారం, నేను కొండ కింద పవర్‌హౌస్‌లో టర్బైన్ పరీక్షలో ఉన్నాను. అది గుహ లాంటి చోటు, ఫోన్ సిగ్నల్ రాదు. ఆ మాట ఇంట్లో చెప్పి వెళ్ళాలని కూడా నాకు తోచలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి నాన్నగారికి గుండెలో నొప్పి వచ్చింది. చెమటలు పట్టాయి. అమ్మ నాకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. తర్వాత ఫోన్ మంచం మీద పడేసి, చెప్పుల్లేకుండా, చీర మీద శాలువాతో, ఆ మంచులో కిందికి పరుగెత్తింది. మందుల షాపులో నలుగురు వరసలో ఉన్నారు. అమ్మ లోపలికెళ్ళి ఏమందో నాకు తర్వాత ఆ షాపావిడే చెప్పింది. అంత కంగారులోనూ ముందు "బోఁజూర్ మదామ్" అందట. ఆ తర్వాత "మోఁ మారి", నా భర్త. గుండె మీద చెయ్యి పెట్టుకుని "మాల్ ఇసి". పైకి చూపించి "ఎదే మ్వా, సిల్ వు ప్లే". "మోఁ మారి" నేను రాసింది కాదు. మెట్ల మీద ఎదురయ్యే ముసలావిడ దగ్గర ఎప్పుడో నేర్చుకుందట.

వ్యాకరణం ప్రకారం అందులో ఒక్క వాక్యం కూడా సరైంది లేదు. షాపావిడ తన కింద పనిచేసే అబ్బాయిని అమ్మతో పైకి పంపి, తను 15కి ఫోన్ చేసింది. అక్కడ అంబులెన్సులో డాక్టరే వస్తాడు. నేను సాయంత్రం పైకొచ్చి ఫోన్ చూసుకునేసరికి నాన్నగారికి స్టెంట్ వేయడం కూడా అయిపోయింది. ఆస్పత్రి వరండాలో అమ్మ కూర్చుని ఉంది. పక్కన ఆ మందుల షాపావిడ. ఇద్దరికీ ఒకళ్ళ భాష ఇంకొకళ్ళకి రాదు. ఆవిడ అమ్మ కాళ్ళకి మేజోళ్ళు తొడిగింది, తన కొట్లోవే. నేను వెళ్ళి, "బోఁజూర్ మదామ్" అన్నాను. చీకటి పడింది, "బోఁస్వార్" అనాలి. ఆవిడ దిద్దలేదు.

నాన్నగారు ఆ తర్వాత ఎనిమిదేళ్ళున్నారు. మన ప్రభల తీర్థాలు చూశారు, మనవరాలి పెళ్ళి చూశారు. యానాం వంతెన మీదుగా వెళ్ళినప్పుడల్లా కారు అద్దం దించి, నదికి "బొంజూరు" చెప్పేవారు.

కాబట్టి, వెళ్ళేవాళ్ళు ఈ నాలుగూ చెయ్యండి. అత్యవసరానికి వైద్యానికి 15, పోలీసులకి 17, మంటలకి 18, యూరప్‌లో ఎక్కడున్నా 112. ఇవి ఫోనులో కాదు, కాగితం మీద, పెద్ద అక్షరాల్లో. ఉండే ఇంటి అడ్రసు వాళ్ళ లిపిలో ఒక చీటీ మీద, జేబులో. మీ జబ్బులు, వాడే మందుల అసలు పేర్లు ఇంకో చీటీ మీద, బ్రాండు పేర్లు కాదు, అవి అక్కడ తెలియవు. ట్రావెల్ ఇన్సూరెన్సు కాగితం పెట్టె అడుగున కాదు, చేతిసంచీలో. పిల్లలు, "మేమున్నాం కదా, మీకెందుకు" అంటారు. నేనూ అన్నాను. వినకండి. ఇక్కడున్న పిల్లల్లో, పైచదువుకి ఫ్రాన్సు వెళ్దామని చూస్తున్నవాళ్ళకి ఒక మాట. ఇంటర్లో మార్కుల కోసం ఫ్రెంచి తీసుకుని నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుని, మంచినీళ్ళు అడగలేని కుర్రాళ్ళని నేను చూశాను. మార్కులు తప్పు కాదు. కానీ నోరు తెరిచి మాట్లాడినవాడికే భాష వస్తుంది. తప్పులు మాట్లాడండి.

ఆ ఫ్రిజ్ మీది కాగితం ఇప్పటికీ అమ్మ దగ్గరుంది. కాఫీ మరకలతో, చిరిగి, టేపు వేసి. దాన్ని చూసి తిరగరాసి, నేను ఇప్పుడు చెప్పిన మాటలూ కలిపి, రెండు వందల జిరాక్సు కాపీలు తీయించాను. గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. అరసున్నలు ఎక్కడైనా తప్పుంటే మాస్టారు దిద్దుతారు. బల్ల వెనక కుర్చీలో మా అమ్మ కూర్చుని ఉంది. కాగితం తీసుకునే ముందు ఆవిడకి ఏమనాలో మీకు తెలుసు. అనకపోతే ఇవ్వదు, ఆవిడే "బొంజూర్ అండీ" అని, మీరనేదాకా ఆగుతుంది.